మాపూన్ పుట్టింది 1891లోనా, 1963లోనా?

సిరిపురం: ఆస్ట్రేలియా ఉత్తరాన మాపూన్ అనే చిన్న తీరపు ఊరుంది, ఆదిమవాసుల మిషన్‌గా మొదలైంది. ఒకచోట 1891 అని, ఇంకోచోట 1963 అని ఉంది. ఏది రాయాలండీ?

లాసన్స్‌బే: రెండూ సరైనవే, ఊళ్లే వేరు. 1891ది పాత మాపూన్. కేప్ యార్క్ పడమటి తీరంలో, కలెన్ పాయింట్ దగ్గర, ప్రెస్బిటేరియన్ చర్చి కోసం మొరేవియన్ (ఇంకో ప్రొటెస్టెంట్ శాఖ) మిషనరీలు జేమ్స్ వార్డ్, నికొలస్ హే పెట్టారు. 1963ది న్యూ మాపూన్, అది ద్వీపకల్పం కొసన బమగా పక్కన. పాత కాగితాల్లో ‘బటావియా రివర్ మిషన్’ అని ఉంటుంది, ఆ నదే ఇప్పటి వెన్‌లాక్. ఉత్త ‘బటావియా’ అని వెతికారో, అది జకార్తా పాత పేరు కూడా కాబట్టి, జకార్తా వచ్చి నెత్తిన పడుతుంది.

పెదవాల్తేరు: ‘స్థాపించారు’ అని రాసేముందు ఒక్క మాట. ఆ నేల త్జుంగుంద్జి అనే ఆదిమ తెగ వాళ్లది. 1805లో లండన్ మిషన్ వాళ్లు విశాఖలో దిగేనాటికి ఇక్కడ ఊరూ రేవూ ఉన్నాయి, ప్రార్థనకెళ్లినవాళ్లు సాయంత్రానికి ఇంటికొచ్చేవారు. మాపూన్‌లో అలా కాదు, పిల్లలుండేది మిషన్ డార్మిటరీలోనే. ఆదిమవాసుల్ని ప్రభుత్వ అదుపులో పెట్టిన 1897 క్వీన్స్‌ల్యాండ్ చట్టం వచ్చాక దూరప్రాంతాల పిల్లల్నీ తెచ్చి అందులో పెట్టారు. అందుకే అక్కడి కుటుంబాలన్నిటినీ త్జుంగుంద్జి అనేయడం తప్పు.

లాసన్స్‌బే: అది నిజం. ఇక 1963 సంగతి బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) లేకుండా చెప్పలేం. 1955లో మాపూన్‌కి దక్షిణాన వైపా దగ్గర భూగర్భ శాస్త్రవేత్త హ్యారీ ఎవాన్స్ ఆ ఎర్రనేల బాక్సైటేనని గుర్తించాడు. శనగగింజంత గుండ్లు, పలచటి పైమట్టి తీస్తే చాలు. మన విశాఖ మన్యంలోని జెర్రెలలోలా కొండ నెత్తిన కాదు, సముద్రం పక్క చదునునేలలోనే. 1957లో కొమాల్కో అనే గని కంపెనీకి చట్టం చేసి మరీ లీజు ఇచ్చారు. 1963 నవంబర్ 15న పోలీసులు పడవలో పాత మాపూన్‌లో దిగారు. జనాన్ని బమగా వైపు, న్యూ మాపూన్‌కి ఎక్కించుకుపోయారు, ఇళ్లు తగలబెట్టారు. గిరిజనుల ప్రాంతాల్లో ప్రైవేటు గనులకి లీజులివ్వకూడదన్న మన సుప్రీంకోర్టు సమత తీర్పు (1997) లాంటి అడ్డు వాళ్లకి అప్పట్లో లేదు.

పెదవాల్తేరు: అయితే ‘బాక్సైట్ కోసమే’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. మిషన్ మూసేద్దామన్న మాట చర్చిలో, ప్రభుత్వంలో అంతకుముందే నడుస్తోంది. గని వచ్చాక తొందర పెరిగిందనడం సబబు.

సిరిపురం: అయితే పాత ఊరు అంతటితో సరేనా?

లాసన్స్‌బే: లేదండీ. 1974లో ఆ ఊరివాడే అయిన జెర్రీ హడ్సన్ వాళ్లూ తిరిగొచ్చి మళ్లీ ఇళ్లు వేసుకున్నారు. 1989లో భూమిపత్రం వచ్చింది. మీరు 1891 రాసి, పక్కనే ‘1963లో ఖాళీ, 1974 నుంచి మళ్లీ’ అని పెట్టండి. న్యూ మాపూన్‌ని వేరే పేరాలో రాయండి.