ఇంగ్లీష్ వాక్యాలు సొంతంగా రాయడం ఎలా ప్రాక్టీస్ చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మా చెల్లి పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. టెన్సుల పట్టిక మొత్తం అప్పజెబుతుంది గానీ, సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే టెన్షన్ పడిపోతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీష్‌లో కర్త తర్వాతే రావాలి కదా, అక్కడే తడబడుతోంది. ప్రశ్నలైతే మరీ కష్టం. 'డిడ్' వచ్చాక 'వెంట్' కాదు, 'గో' రాయాలని తెలుసు, అయినా చెయ్యి 'వెంట్' వైపే పోతుంది.

ఖాళీలు పూరించే అభ్యాసాలతో ఇది కుదరదని నా నమ్మకం. రోజూ చిన్న పేరా రాయించనా, ఒకే వాక్యాన్ని ప్రశ్నగా, వ్యతిరేకార్థంలోకి మార్పించనా? ఇంట్లో దిద్దేవాళ్లు లేరు. ఈ వారం విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు చూడబోతున్నాం, జవాబులకు వివరణ కూడా ఉన్నవి ఏవైనా చెప్పగలరా? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు చెబితే ఇంకా మేలు.