పొగయో మంచొ: ఆ "యో" మీద నాకు అనుమానం

చలిపొద్దు:
వారం నుంచి ఒక పాదం నోట్లో నానుతోంది. సగమే గుర్తుంది. మాది పటాన్‌చెరు వైపు. తెల్లారి బాల్కనీలో నిలబడితే ఎదురు టవర్లు కనబడవు. "మంచు భలే ఉంది" అంటే మా అమ్మాయి ఫోనులో గాలి నాణ్యత సూచీ చూసి "190 నాన్నా, అది మంచు కాదు" అంటుంది. అప్పుడల్లా తాతయ్య చదివే మాట గుర్తొస్తుంది:

పొగయో మంచొ ........ తెరయై పూర్వాద్రిఁ గప్పెన్ గదా

మధ్యలో ఐదక్షరాలు ఎగిరిపోయాయి. మొదట్లో "యో"నా "యే"నా అన్నది కూడా ఇప్పుడు అనుమానమే. రెండో పాదం "నగరీ" అని మొదలైనట్టు లీలగా గుర్తు. తాతయ్య ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేశారు. ఈ పద్యం ఎవరిదో తెలిసినవాళ్లు చెప్పండి.

యతిభంగం:
మత్తేభం. పొ, పూ యతి కుదిరింది. ప్రాస గకారం, మీ "నగరీ" అందులో చక్కగా కూర్చుంటుంది. ఖాళీలో "యెఱుంగరాని" తప్ప ఇంకోటి పట్టదు. "పొగయో మంచొ యెఱుంగరాని తెరయై". సందేహాలంకారం. అయిపోయింది.

నిమ్మగడ్డి:
అప్పుడే ఎందుకు అయిపోతుంది మాస్టారూ? "పొగయే మంచయి యంతలోనఁ దెరయై". గణాలు వేసి చూడండి. "మంచో"ను "మంచొ" అని నొక్కేసే అవస్థ కూడా ఉండదు. పైగా నిజం ఇదే. 1880లలో స్కాట్లాండులో జాన్ ఐట్కెన్ సీసాల్లో ఆవిరి పట్టి చూపించాడు: దుమ్ము వడకట్టిన గాలిలో మంచు పుట్టదు, మామూలు గాలిలో వెంటనే కమ్ముకుంటుంది. ప్రతి మంచు బొట్టు కడుపులో ఒక రేణువుంటుంది. కాబట్టి పొగే మంచయింది.

యతిభంగం:
ఓకారాన్ని కుదించడం పూర్వకవులకు మామూలే అమ్మా, అది అవస్థ కాదు. ఐట్కెన్ గారు ఛందస్సు చదివినట్టు లేదు.

కొలతపెట్టె:
నాకు ఛందస్సు రాదు. గాలి కొలిచే యంత్రాలు బాగుచేస్తాను. మీ "యో"తోనే మాకు రోజూ తంటా. కాలుష్యం కొలిచే స్టేషను మీది గొట్టం గంటకు ఒక ఘనపు మీటరు గాలి పీలుస్తుంది. పెద్ద రేణువులు తల దగ్గరే రాలిపోతాయి. 2.5 మైక్రాన్ల లోపువి కిందికి వచ్చి పేపరు టేపు మీద మచ్చగా కూర్చుంటాయి. ఆ మచ్చ మీదికి కార్బన్-14 నుంచి బీటా కిరణాలు పోతాయి. మచ్చ ఎంత మందమైతే అవతలికి అంత తక్కువ చేరతాయి. అదే తూకం. చిక్కేమిటంటే, డిసెంబరు తెల్లవారుజామున రేణువులన్నీ నీళ్లు తాగి ఉబ్బి ఉంటాయి. ఆ నీటిని కూడా తూస్తే మంచును కాలుష్యం ఖాతాలో రాసినట్టే. అందుకే గొట్టానికి హీటరు పెట్టి, ఎండబెట్టి తూస్తాం. బజార్లో దొరికే చిన్న లేజరు పెట్టెల్లో చాలావాటికి హీటరు ఉండదు, చలి ముదిరిన రోజు నీటిబొట్టును కూడా దుమ్మే అంటాయి. మీ అమ్మాయి చూసిన అంకె ఏ పెట్టెదో ముందు కనుక్కోండి.

ఇంకోమాట. 190 అనేది అన్నీ కలిపి తీసిన సగటు కాదు. మన సూచీలో ఎనిమిది కాలుష్యాలు, ఒక్కోదానికి ఒక్కో మార్కు. అందులో పెద్దది ఏదో అదే ఆ ఊరి అంకె.

యతిభంగం:
ఎండబెడితే గానీ తేలదంటున్నారు. "యెఱుంగరాని"కి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కొలతపెట్టె:
ఎండబెట్టినా పూర్తిగా తేలదు సార్. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి, పొలాల అమ్మోనియా నుంచి అమ్మోనియం నైట్రేట్ పుడుతుంది. చలికి రేణువుగా ఉంటుంది, వేడి తగిలితే మళ్లీ వాయువైపోతుంది. హీటరు కాస్త ఎక్కువైతే మంచుతో పాటు కొంత పొగ కూడా చేజారుతుంది.

నిమ్మగడ్డి:
వాయువు రేణువైంది, రేణువు బొట్టైంది అని మీరే అంటున్నారుగా! అది నా "యే". అలంకారం పేరు కావాలంటే పరిణామం. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌లో జరిగిందీ అదే. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ మంచు బొట్లలోనే ఆమ్లమైంది. చనిపోయినవాళ్లు మొదటి లెక్కలో 4,000, తర్వాతి అంచనాల్లో 12,000 దాకా. అక్కడ పొగ వేరు, మంచు వేరు అని సందేహపడే తీరిక ఎవరికుంది?

విగ్రహవాక్యం:
పాదం సంగతి అలా ఉంచండి, నాకు "పొగమంచు"తోనే పేచీ. పత్రికలు లంబసింగి మంచును పొగమంచంటాయి, నవంబరు ఢిల్లీని కూడా పొగమంచే అంటాయి. ఈ సమాసానికి విగ్రహవాక్యం ఏమిటి? పొగవంటి మంచా, పొగయును మంచునా? మొదటిదైతే అందులో కాలుష్యం పిసరంత లేదు. తెలుగు సమాసంలో బరువు సాధారణంగా రెండో మాట మీద ఉంటుంది కాబట్టి పొగమంచు ఎప్పటికీ మంచే. ఢిల్లీదాన్ని "మంచుపొగ" అనాలి. ఇంగ్లిషువాళ్లకి ఈ గొడవ లేదు. 1905లో డెవో అనే లండన్ డాక్టరు రెండు మాటల్నీ చెరో ముక్క కోసి "స్మాగ్" అని అతికించాడు.

యతిభంగం:
టీవీలో ఒకాయన "ధూమమంచు" అన్నాడు. దుష్టసమాసం. నాకు ఊపిరాడనిది అక్కడే.

గోదారొడ్డు:
మంచుకు అమరకోశంలో ఏడు మాటలున్నాయి: అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక. ఒక్కదాంట్లోనూ పొగ లేదు. పొగనూ మంచునూ కలిపిన పాపం మనదే.

విగ్రహవాక్యం:
"ధూమిక" మాటేమిటి? సంస్కృతంలో మంచుకు ఆ పేరుంది, పొగలోంచే పుట్టింది. అమరుడు ఎక్కించకపోతే మాట లేకుండా పోదు.

గోదారొడ్డు:
సరే, ధూమిక మీది. పొగో మంచో తేల్చుకోలేని చోటికి నేను తీసుకెళ్తాను. అరణ్యకాండ, హేమంతం, గోదావరి స్నానానికి వెళ్తూ లక్ష్మణుడు:

రవిసంక్రాంతసౌభాగ్యస్తుషారారుణమండలః
నిఃశ్వాసాంధ ఇవాదర్శశ్చంద్రమా న ప్రకాశతే

ఊపిరి తగిలి మసకబారిన అద్దంలా ఉన్నాడట చంద్రుడు. ఇదే శ్లోకం ఆనందవర్ధనుడి అలంకారగ్రంథం ధ్వన్యాలోకంలో "తుషారావృత" అని ఉంటుంది. మంచు కప్పిన చంద్రుడా, మంచుతో ఎర్రబడ్డ చంద్రుడా? నా ఓటు "అరుణ"కే. "ఆవృత" ఎవరైనా అంటారు. వాల్మీకి కన్ను రంగును కూడా పట్టింది.

కొలతపెట్టె:
మంచు చంద్రుణ్ణి ఎర్రబరచదండీ. మంచు బొట్టు పెద్దది, పది మైక్రాన్లకు అటూ ఇటూ. అన్ని రంగుల్నీ ఒకే తీరున చెదరగొడుతుంది, అందుకే తెల్లగా కనబడుతుంది. అర మైక్రాను కంటే సన్నటి రేణువులైతే నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి, ఎరుపు మిగిలి మన కంటికి చేరుతుంది. చంద్రుడు ఎర్రగా ఉన్నాడంటే అడ్డున్నది పొగో సన్న దుమ్మో.

గోదారొడ్డు:
పంచవటిలో పొగ ఎక్కడిది?

నిమ్మగడ్డి:
మునుల హోమాలు లేవా, చలిమంటలు లేవా! పొగయే మంచయి...

విగ్రహవాక్యం:
"తుషార" అని కవి చెప్పిన చోట సన్న దుమ్మని మీరెలా చదువుతారు? ధూళిని చూసి పొగనుకోవడం తార్కికులు చెప్పే పాత భ్రమ. మీరు దాన్ని తిరగేస్తున్నారు.

కొలతపెట్టె:
ఆ అద్దం మాత్రం నూటికి నూరు పాళ్లు సరైంది. గాలిలో తేమను కచ్చితంగా కొలవడానికి ఇప్పటికీ అద్దమే వాడతారు. దాన్ని చల్లబరుస్తూ పోతే ఏ ఉష్ణోగ్రత దగ్గర మసకబారిందో అదే మంచు బిందువు. లక్ష్మణుడి చేతికి ఒక థర్మామీటరు ఇస్తే సరిపోయేది.

చలిపొద్దు:
అందరికీ నమస్కారం. నా పాదం...

యతిభంగం:
మీ పాదం దగ్గరే ఉన్నామండీ. "తెరయై"ని ఎవరూ పట్టించుకోలేదు. నాకు అందమంతా అక్కడే ఉంది.

కొలతపెట్టె:
నిజానికి అది తెర కాదు, మూత. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తొందరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి పొర కూర్చుంటుంది. కింది పొగ పైకి లేచే దారి ఉండదు. ఎండ కాసి నేల వేడెక్కాకే మూత ఊడుతుంది. మీ టవర్లు పది గంటలకు కనబడటం మొదలైతే కారణం అదే. కవి "మూతయై" అనాల్సింది.

యతిభంగం:
గణభంగం. వీల్లేదు.

గోదారొడ్డు:
"నగరీ" అంటే మన నగరి ఊరేమో? అక్కడ కొండ కూడా ఉంది. ఖరగ్‌పూర్‌లో పూర్వాద్రి ఏదీ?

యతిభంగం:
పూర్వాద్రి అంటే సూర్యుడు పొడిచే కొండ, కవిసమయం. దానికి నిజం కొండ అక్కర్లేదు. ఖరగ్‌పూర్‌కే నా మొగ్గు. బొగ్గు ఇంజన్ల రోజులు, బెంగాలు చలికాలం. తాతగారు స్వయంగా కట్టిన పద్యం కావచ్చు.

నిమ్మగడ్డి:
ఇంజన్ల పక్కన బతికిన మనిషికి పొగో మంచో తెలియకపోవడమేమిటి? ఆయన "పొగయే" అనే అని ఉంటారు.

యతిభంగం:
తెలిసినవాడే "యెఱుంగరాని" అని గడుసుగా అంటాడు.

చలిపొద్దు:
ఇప్పుడే అమ్మకు ఫోను చేశాను. "యో"నే అంది. మధ్యలో ఐదక్షరాలు తనకూ గుర్తు లేవు. కానీ "మంచొ" కాదట, "మబ్బొ"అట. పొగయో మబ్బొ.

యతిభంగం:
గణాలకు ఏ ఇబ్బందీ లేదు. అదే దరిద్రం.

నిమ్మగడ్డి:
అమ్మగారికి రెండో పాదం గుర్తుందేమో మళ్లీ అడగండి. "పొగయే మబ్బయి" కూడా సరిపోతోంది, చెబుతున్నా.

కొలతపెట్టె:
మబ్బయితే మా పరిధి కాదు. మా గొట్టం అంత ఎత్తు లేదు.