చీఫ్ అఫిడవిట్ ఎవరి మాటల్లో ఉండాలి?

నరసరావుపేట జూనియర్
2002 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 4 ప్రకారం సివిల్ దావాల్లో సాక్షి చీఫ్‌ను, అంటే తనను పిలిచిన పక్షం తరఫున ఇచ్చే మొదటి వాంగ్మూలాన్ని, అఫిడవిట్‌గా (ప్రమాణ పత్రంగా) దాఖలు చేస్తున్నాం. నేను చూస్తున్నంతవరకు, దావా పత్రంలో వాది అని ఉన్నచోట "నేను" అని మార్చి, ఇంగ్లీషులో టైపు చేయించి, వాయిదా రోజు ఉదయం కోర్టు వరండాలో సాక్షి చేత సంతకం పెట్టిస్తున్నారు. చీఫ్‌ను మళ్లీ కోర్టు హాల్లో, సాక్షి నోటితోనే చెప్పించాలని నా అభిప్రాయం.

గుంటూరు సీనియర్
తమ్ముడూ, ఆ పాత పద్ధతిలో నేను పదిహేనేళ్లు పనిచేశాను. ఒక్క వాది చీఫ్ నాలుగైదు వాయిదాలు సాగేది. జడ్జిగారు ఒక్కో వాక్యం చెప్పి టైపు చేయిస్తుంటే, మిగిలిన కేసుల కక్షిదారులు పొద్దుగూకేదాకా కూర్చుని ఉత్త చేతులతో ఊరికి పోయేవారు. లోపం రూల్‌లో లేదు, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు) ఖరారైన నాటి నుంచి విచారణ మొదలయ్యేలోగా సాక్షితో మనం ఒక్క పూటైనా కూర్చోకపోవడంలో ఉంది.

వరంగల్ న్యాయవాది
సీనియర్ గారి మాట నా అనుభవంలో నిజమైంది. స్వాధీనానికి ఎదుటివారు అడ్డురాకుండా ఉత్తర్వు కోరే శాశ్వత ఇంజంక్షన్ దావాలో, దావా వేసిన నాటికి భూమి ఎవరి స్వాధీనంలో ఉందన్నదే ముఖ్యం కనుక, పహాణీలు (సాగు, స్వాధీనం చూపే రెవెన్యూ రికార్డులు) ఎన్ని సాక్ష్యంగా మార్కు చేసినా పక్క పొలం రైతు సాక్ష్యానికి ఉండే బరువు వేరు. అలా నేను పి.డబ్ల్యు.2గా, అంటే వాది తరఫు రెండో సాక్షిగా, తెచ్చిన పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఆ గట్టు మీద నడిచిన మనిషి. క్రాస్‌లో ఎదుటి వకీలు తూర్పు హద్దు ఏమిటని అడిగితే "కాలువ" అన్నారు. దావాలోని ఆస్తి వివరాల షెడ్యూలు చూసి నేను దింపిన అఫిడవిట్‌లో మాత్రం తూర్పున మరొకరి భూమి అని ఉంది. ఆ భూమికీ మా భూమికీ నడుమ రెండు మూరల పిల్లకాలువ పారుతుంది కాబట్టి రెండూ నిజమే. తరువాత, అఫిడవిట్‌లో ఏముందో తెలుసా అని అడిగినప్పుడు ఆయన నావైపు చూసి, "వకీలు సాబు రాసిండు, నేను ఏలిముద్ర ఏసిన" అన్నారు. క్రాస్ తర్వాత నేను మళ్లీ ప్రశ్నలు అడిగే రీ-ఎగ్జామినేషన్‌లో కాలువ సంగతి చెప్పించగలిగాను గానీ ఆ మాటను వెనక్కి తీసుకోలేకపోయాను. తీర్పులో ఆయన సాక్ష్యాన్ని పక్కన పెట్టారు.

తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి పొలానికి వెళ్లి, హద్దులు చూపించమని, సాక్షి చెప్పింది తెలుగులోనే రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకుంటున్నాను.

నరసరావుపేట జూనియర్
మీ కష్టం గౌరవించదగినదే. కానీ అలా కూర్చోబెట్టి రాయడానికీ, సాక్షికి పాఠం చెప్పడానికీ మధ్య గీత ఎక్కడ గీస్తారు?

గుంటూరు సీనియర్
తెలియనిది తెలియదని చెప్పమనడం వరకే మన పని. జవాబు అందించామంటే గీత దాటినట్టే. ఇక, చదువురాని సాక్షి విషయంలో మీ కోరికకు దారి ఉంది. తగిన కేసుల్లో చీఫ్‌ను కోర్టులోనే నమోదు చేయవచ్చని సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కారణాలు చూపుతూ ముందే అడగాలి, సాక్షి బోనెక్కే రోజున కాదు.

నరసరావుపేట జూనియర్
నా దావాలో పక్క పొలాల హద్దుదారులు ఇద్దరు సాక్షులుగా ఉన్నారు. చదువుకున్న ఆయనకు తెలుగు అఫిడవిట్ రాస్తాను, రెండో ఆయన కోసం కోర్టును అడుగుతాను. ముందు ఈ ఆదివారం పొలం చూసి వస్తాను.