పాత స్ప్లెండర్‌లో టక్ టక్: ఇంజన్ విప్పాలా, ముందు విని తేల్చాలా?

జయపురం స్ప్లెండర్:
మా నాన్నగారిది 2004 హీరో హోండా స్ప్లెండర్. ఇరవై ఏళ్లుగా బడికి ఆ బండి మీదే వెళ్తున్నారు. నెల రోజులుగా స్టార్ట్ చేసి నిలబెడితే సన్నగా టక్ టక్ అని కొట్టుకుంటోంది. పొగ లేదు, పికప్ తగ్గలేదు, మైలేజీ మామూలే. మొన్న ఒక మెకానిక్‌కి చూపిస్తే రెండుసార్లు రేజ్ ఇచ్చి విని, "బోరు అయిపోయింది, హాఫ్ ఇంజన్ దింపాలి, టైమింగ్ చైన్ కూడా మార్చాలి" అన్నాడు. అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని, ఇంజన్ పై సగం విప్పాలని, వాల్వులని నడిపే చైన్ కూడా మార్చాలని. ఏడు వేలు చెప్పాడు. ఒక్క మూత కూడా తీసి చూడలేదు. నాన్నగారేమో "డబ్బు పోతే పోయింది, సాలూరు ఘాట్‌లో ఆగిపోతే ఏం చేస్తాం" అంటున్నారు. ఒక్క శబ్దం విని ఇంత పని మొదలుపెట్టడం నాకు సబబుగా అనిపించడం లేదు. మీరేమంటారు?

రాయగడ మెకానిక్:
తమ్ముడూ, నేను పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇరవై ఏళ్ల బండి కొట్టుకుంటోందంటే విప్పడమే మంచిది. మునిగుడ వైపు నుంచి ఒకాయన ఇలాగే శబ్దంతో వచ్చారు. కింద నుంచి వస్తోంది, నడపొద్దు అన్నాను. పంటలు అమ్మాక చేయిస్తానని వెళ్లిపోయారు. నెల తర్వాత బండిని ఆటోలో వేసుకుని తెచ్చారు. పిస్టన్‌కి ఉండే కనెక్టింగ్ రాడ్ విరిగి క్రాంక్‌కేస్‌కి, అంటే ఇంజన్ అడుగు పెట్టెకి, కన్నం పెట్టింది. మొదట చెప్పినదానికి మూడింతలైంది. అదే ఘాట్ దిగుతుండగా జరిగి వెనక చక్రం పట్టేసి ఉంటే మనిషే మిగిలేవాడు కాదు. మీ నాన్నగారి భయం సరైనదే.

సునాబెడ రిటైర్డ్:
రాయగడ తమ్ముడు చెప్పిన ప్రమాదం నిజం. అడుగు నుంచి బరువుగా దబదబమని, బండి మీద లోడు పడ్డప్పుడు పెరిగే దెబ్బ వినిపిస్తే ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు, మళ్లీ స్టార్ట్ కూడా చేయకూడదు. కానీ జయపురం బాబు చెబుతున్నది సన్నటి టక్ టక్. ఈ రెండింటినీ ఒక్క గాటన కట్టేయడమే నాకు బాధగా ఉంది.

నేను ఇక్కడి విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాను. విప్పే ముందు ఏం కనిపించింది, ఏం వినిపించింది అన్నది కాగితం మీద పెట్టడం మాకు అలవాటు. విప్పేశాక ఆ శబ్దం మళ్లీ దొరకదు.

ముందు దాని వేగం వినండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ తిప్పే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులు తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఐడిల్‌లో, అంటే రేజ్ ఇవ్వకుండా నిలబెట్టినప్పుడు, నిమిషానికి 1400 చుట్లు అనుకుంటే క్రాంక్ సెకనుకు 23 చుట్లు, క్యామ్ 12 లోపే. ఎవరూ లెక్కపెట్టలేరు గానీ చెవికి తేడా తెలుస్తుంది. క్యామ్‌తో నడిచే శబ్దం కుట్టుమిషన్‌లా విడివిడిగా ఉంటుంది. క్రాంక్‌తో నడిచేది ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. మీది విడివిడిగా కొడుతుంటే ముందు చూడాల్సింది ట్యాపెట్లు, అంటే వాల్వులకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య సందు సరిచేసే స్క్రూలు.

చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంది, పది నిమిషాలు నడిపాక ఎలా ఉంది అన్నది కూడా గమనించండి. మా ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కదా, పుష్యమాసం పొద్దున కిక్కు కొడితే పాత ఇంజన్లన్నీ ఏదో ఒకటి మాట్లాడతాయి. అరిగిన బోరులో పిస్టన్ ఆడే శబ్దం చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ. పిస్టన్ వేడెక్కి వ్యాకోచించాక తగ్గుతుంది. మీది వేడెక్కినా అలాగే ఉంటే బోరు మీద అనుమానం ఇంకా తగ్గుతుంది.

క్లచ్ పట్టుకుంటే శబ్దం మారిందా, కుడివైపు క్లచ్ ప్లేట్లు ఉండే బాస్కెట్ చూడాలి. కాస్త రేజ్ ఇచ్చి ఒక్కసారిగా వదిలితే ఎడమవైపు క్షణంపాటు గరగరమందా, అది టైమింగ్ చైన్. సైలెన్సర్ బెండ్ హెడ్‌కి కలిసేచోట నల్లటి మసి చార ఉందేమో కూడా చూడండి. అక్కడ వాషర్ పాడై గాలి తన్నుతుంటే అచ్చం ట్యాపెట్ శబ్దంలాగే ఉంటుంది. దానికి ఇంజన్ దింపేసినవాళ్లని చూశాను.

తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, కొన హెడ్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి గట్టిగా ఆనించండి. చొక్కా చేతులు మడుచుకోండి, సైలెన్సర్ జాగ్రత్త. హెడ్ మీద, సిలిండర్ మీద, ఎడమ కవర్ మీద, కుడి కవర్ మీద ఒక్కోచోట కాసేపు వినండి. బయట నుంచి అన్నీ ఒకటే గోలగా ఉన్న ఇంజన్, పుల్ల ఆనించేసరికి ఒక్కోచోట ఒక్కోలా మాట్లాడుతుంది. ఎక్కడ దగ్గరగా, పదునుగా వినిపిస్తే మూలం ఆ దరిదాపుల్లోనే.

ఇక బోరు సంగతి. నీలి పొగ వస్తోందా, ఆయిల్ తగ్గుతోందా, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) పడిపోయిందా అన్నవి చూడకుండా బోరు పోయిందని అనకూడదు. కంప్రెషన్ గేజ్ పెట్టి చూసి, ప్లగ్ కన్నంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రింగులో, వాల్వులో తెలిసిపోతుంది. ఆయిల్ పోశాక అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

పర్లాకిమిడి బుల్లెట్:
పెద్దాయన చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ట్యాపెట్ శబ్దం పూర్తిగా పోయేదాకా బిగించకండి. వాల్వ్ సీటు మీద కూర్చున్నప్పుడే తన వేడిని హెడ్‌కి ఇస్తుంది. సందు లేకుండా బిగిస్తే అది పూర్తిగా మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. మీ బండికి తలవెంట్రుకంత సందు ఉండి తీరాలి. నా కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350కి లెక్క వేరు. చల్లటి ఇంజన్‌లో సందు ఉండదు, రాకర్‌ని తోసే పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. ఒకరి బండి లెక్క ఇంకొకరి బండికి పెట్టొద్దు.

రాయగడ మెకానిక్:
పెద్దాయన చెప్పినవేవీ నేను కాదనను. కానీ మా సంగతి కూడా వినండి. పొద్దున బండి ఇచ్చి సాయంత్రం బస్సు టైముకి కావాలంటారు. అరగంట విని, ట్యాపెట్ సరిచేసి రెండు వందలు అడిగితే "ఏం మార్చావని రెండు వందలు?" అంటారు. అదే ఏడు వేల బిల్లుకి పాత పిస్టన్ చేతిలో పెడితే మాట్లాడకుండా ఇస్తారు. పైగా నేను ట్యాపెట్ చేసి పంపాక వారంలో ఇంకేదైనా పోతే, ఆ పేరు నా మీదే పడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కొందరు పలచటి 10డబ్ల్యూ-30 ఆయిల్ పోయాల్సిన ఇంజన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోసి శబ్దం అణచి బండి అమ్మేస్తారు. చిక్కటి ఆయిల్ చలిలో పైదాకా ఎక్కడానికి ఆలస్యమై క్యామ్ అరుగుతుంది. కొన్నవాడు నా దగ్గరికే వస్తాడు. అందుకే విప్పి కళ్లతో చూడడమే నాకు నమ్మకం.

సునాబెడ రిటైర్డ్:
తమ్ముడూ, నువ్వు చెప్పింది న్యాయమే. వినడం కూడా పనే, ఆ అరగంటకి మేం డబ్బివ్వాలి. నా బండికి నేను ఇస్తాను. కానీ ఇవ్వనివాళ్లు ఉన్నారని బాగున్న బోరు తెరవడం ఒప్పుకోలేను. కంపెనీ బిగింపు ఒకసారి పోతే, తర్వాత అదంతా బోరు కొట్టినవాడి చేతివాటం మీద ఉంటుంది.

జయపురం స్ప్లెండర్:
ఆదివారం పొద్దున బండి చల్లగా ఉండగా కూర్చున్నాను. ఎడమవైపు మాగ్నెట్ మీది మూత తీసి, పానాతో తిప్పుతూ, పిస్టన్ పైకొచ్చిందని చెప్పే "టి" గీతని గుర్తుకి ఎదురుగా తెచ్చాను. రాకర్లు బిగుసుకుని ఉన్నాయి. ఇంకో చుట్టు తిప్పేసరికి రెండూ వదిలాయి. పైన ఇన్‌లెట్‌ది వేలితో కదిపితే ఆడీ ఆడనట్టు ఉంది. కింద ఎగ్జాస్ట్‌ది మాత్రం టిక్కు టిక్కుమని స్పష్టంగా ఆడింది. పక్కవీధిలో సందు కొలిచే పలచటి బ్లేడ్ల ఫీలర్ గేజ్ అడిగి తెచ్చుకుని, బ్లేడు కాస్త పట్టి జారేలా పెట్టాను. లాక్‌నట్ బిగిస్తుంటే స్క్రూ కూడా తిరిగిపోయి, మూడుసార్లు మళ్లీ మొదటికొచ్చింది. నాన్నగారు టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

స్టార్ట్ చేస్తే టక్ టక్ పోయింది. కానీ అంతవరకూ దాని వెనక దాగిన ఇంకో శబ్దం బయటపడింది. రేజ్ వదిలినప్పుడల్లా ఎడమవైపు గరగర. స్క్రూడ్రైవర్ పెట్టి వింటే అనుమానం లేదు, అది చైనే. అంటే ఆ మెకానిక్ చెప్పినదాంట్లో చైన్ మాట సరైనది, బోరు మాటకి ఆధారం లేదు. ప్లగ్ తీసి కంప్రెషన్ కూడా చూపించాను, బాగానే ఉంది.

రాయగడ మెకానిక్:
అయితే బోరు ముట్టుకోవద్దు. ఆ ఇంజన్‌కి చైన్ మాగ్నెట్ వైపు నుంచే మార్చొచ్చు. కొత్త చైన్ వేసే ముందు దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ చూడమనండి, రబ్బరు రోలర్ అరిగి ఉంటే కొత్త చైన్ కూడా నాలుగు రోజుల్లో మళ్లీ మోగుతుంది. తీసిన చైన్, రోలర్ మీ చేతికి ఇమ్మనండి. ఆ తర్వాత ట్యాపెట్లు ఇంకోసారి చూసుకోండి.

జయపురం స్ప్లెండర్:
అలాగే అన్నా. మంగళవారం నాన్నగారు వద్దన్నారు, బుధవారం తీసుకెళ్తున్నాం. పాత రోలర్ అడిగి తీసుకుని ఫొటో పెడతాను.