‘మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి’: తప్పెవరిది?

బరంపురం మాస్టారూ, డెన్మార్క్ కింద ఉన్న గ్రీన్‌లాండ్‌ని తనకి అమ్మాలని ట్రంప్ చేసిన గొడవ గురించి రాస్తూ మీరు ఈ సామెత వాడారు. మెత్తగా ఉండటం డెన్మార్క్, మిగతా యూరప్ చేసిన తప్పు అని అర్థం తీశారు. అక్కడే నాకు పేచీ. సామెతలో బుద్ధి మొత్తేవాడిది. మా పర్లాకిమిడి వైపు పెద్దవాళ్లు ఈ మాట అనేది దెబ్బ తిన్నవాడి పక్షాన. సంతలో జీడిపిక్కల బస్తాకి షావుకారు తరుగు పేరు చెప్పి రెండు కిలోలు కోస్తాడు. రైతు కిక్కురుమనడు. మళ్లీ సంతకి తరుగు మూడు కిలోలవుతుంది. అప్పుడు పక్కనున్న ముసలాయన ఈ మాట అంటాడు, షావుకారుకి వినపడేలాగే అంటాడు.

మీరు చెప్పిన సంఘటనలు మాత్రం నిజమే. 2025 జులై 27న యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లాయెన్ స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీకి, ట్రంప్ సొంత గోల్ఫ్ రిసార్ట్‌కి వెళ్లి, తమ సరుకుల్లో చాలావాటి మీద 15 శాతం సుంకానికి ఒప్పుకొని వచ్చారు. ఆరు నెలలు తిరక్కుండానే, గ్రీన్‌లాండ్ అమ్మేదాకా డెన్మార్క్‌తో సహా ఎనిమిది దేశాల మీద ఇంకో 10 శాతం వేస్తానన్నారాయన. ఎనిమిదీ నాటో మిత్రదేశాలే! ఈసారి ఎనిమిదీ కలిసి ఒకే ప్రకటన చేశాయి. పాత ఒప్పందం మీద యూరోపియన్ పార్లమెంటు పని ఆపేసింది. 2026 జనవరి 21న దావోస్‌లో ఆయన ఆ సుంకం మాట వెనక్కి తీసుకున్నారు. అదొక్కటే కారణం అనను గానీ, విడివిడిగా బతిమాలుకుని ఉంటే ఇలా జరిగేదని నేను నమ్మను.

రాయగడ అక్క ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య’ అన్నారు. యుక్రెయిన్‌కి అమెరికా ఆయుధాలు, నిఘా సమాచారం కావాలి కాబట్టి అప్పటిదాకా యూరప్ ట్రంప్‌ని పొగడక తప్పదని. తేలిగ్గా తీసేయాల్సిన వాదన కాదిది. కానీ నిజంగా ఏరు దాటుతున్నారా అన్నది చూడాలి కదా అక్కా. 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్ ప్రధాని చేంబర్లేన్ చెకోస్లోవేకియా సరిహద్దు ప్రాంతాన్ని హిట్లర్‌కి వదిలేసి, యుద్ధానికి సిద్ధమయ్యే గడువు సంపాదించాడని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. (హిట్లర్‌నీ ట్రంప్‌నీ నేను ఒకే గాటన కట్టను. ఇక్కడ మాట గడువు గురించే.) ఆ గడువు ఖరీదు చెల్లించింది చెకోస్లోవేకియా. దాన్ని చర్చలకి పిలవనే లేదు. ముందు సరిహద్దు కోటలు పోయాయి. 1939 మార్చిలో ప్రాగ్ పోయింది, స్కోడా ఆయుధ కర్మాగారం జర్మనీ చేతికి వచ్చింది. మరుసటి ఏడు ఫ్రాన్స్ మీదికి వెళ్లిన జర్మన్ ట్యాంకుల్లో చెక్ తయారీవీ ఉన్నాయి. ఓడనే అప్పగించేశాక ఇంక ఏరెలా దాటతారు?

మాట మెత్తగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. భూమి, చట్టం, కోర్టు తీర్పు, ఇవి మాత్రం బేరంలో పెట్టకూడదు. బ్రెజిల్ మాజీ అధ్యక్షుడు బోల్సొనారో మీద విచారణ ఆపాలని 2025లో ట్రంప్ ఆ దేశం మీద 50 శాతం సుంకం వేశారు. అప్పటి అధ్యక్షుడు లులా ఒప్పుకోలేదు, కోర్టు బోల్సొనారోకి శిక్ష వేసింది. నవంబరులో బ్రెజిల్ కాఫీ, గొడ్డుమాంసం మీద అదనపు సుంకాన్ని అమెరికాయే తీసేసింది.

మాస్టారూ, సామెత అలాగే ఉంచండి. డెన్మార్క్‌ని తప్పుపట్టిన ఆ ఒక్క వాక్యం మాత్రం తీసేయండి.