ఒకే పేటలోని ప్రభుత్వ బడులను పదో తరగతి ఫలితాలతో పోల్చవచ్చా?

వేదాయపాళెం తండ్రి:
నెల్లూరులో మా ఇంటికి అందుబాటులో రెండు నగరపాలక ఉన్నత పాఠశాలలు ఉన్నాయి. మా అమ్మాయిని ఆరో తరగతిలో, అబ్బాయిని దగ్గరి ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతిలో చేర్చాలి. ఉన్నత పాఠశాలల్లో ఒకదాని ఉత్తీర్ణత శాతం బాగా ఎక్కువ. అదే మంచి బడి అనుకోవచ్చా?

విశ్రాంత ఉపాధ్యాయిని, మూలాపేట:
ఆ ఒక్క అంకెను బట్టి అనుకోకండి. ఉదాహరణకు, ఒక బడిలో ఆరో తరగతిలో 60 మంది చేరి, నాలుగేళ్లలో 22 మంది టీసీ తీసుకునో చదువు మానేసో వెళ్లిపోగా, పరీక్ష రాసిన 38 మందిలో 36 మంది గట్టెక్కితే ఉత్తీర్ణత దాదాపు 95 శాతం అవుతుంది. పక్క బడిలోనూ 60 మందే చేరి, 58 మంది రాసి, 49 మంది ఉత్తీర్ణులైతే అది 84 శాతమే. చేరిన పిల్లల్లో ఎక్కువమందిని ఒడ్డుకు చేర్చింది రెండో బడి. వెనుకబడిన పిల్లవాణ్ని తొమ్మిదిలోనే వదిలించుకోకుండా సాయంత్రం కూర్చోబెట్టి చదివించిన ఉపాధ్యాయుల శ్రమ ఆ శాతంలో కనిపించదు సరికదా, వారికే చెడ్డపేరు తెస్తుంది. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

స్టోన్‌హౌస్‌పేట తండ్రి:
టీచరు గారి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. టీసీ తీసుకున్న ప్రతి పిల్లనూ బడి వదిలించుకున్నట్టు లెక్కించడం న్యాయం కాదు. అద్దె ఇల్లు మారినా, తండ్రి పనికోసం ఊరు మారినా టీసీ తీసుకోక తప్పదు. పైగా ఆరో తరగతి రిజిస్టరు సామాన్యులకు ఎవరు చూపిస్తారు? ఫలితాలనే చూడండి, అయితే శాతంతో ఆగకుండా 600కు 500 దాటినవారు ఎందరో కూడా అడగండి.

విశ్రాంత ఉపాధ్యాయిని, మూలాపేట:
ఇళ్లు మారడం గురించి మీరన్నది నిజమే. అయితే ఒకే పేటలోని రెండు బడులకూ ఆ వలస ఇంచుమించు ఒకేలా ఉంటుంది కనుక, ఒకదానిలో మాత్రమే పిల్లలు భారీగా తగ్గితే కారణం బడిలోనే వెతకాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. వారిని అడిగితే ఏ తరగతిలో ఎందరున్నారో తెలుస్తుంది. 500 దాటినవారి లెక్క బాగా చదివే పిల్లకు పనికొస్తుంది, తడబడే పిల్లకు కాదు.

అబ్బాయి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అదే చట్టం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలంటుంది. 40 మందికి ఇద్దరంటే వినడానికి బాగానే ఉంటుంది, కానీ అయిదు తరగతులను ఆ ఇద్దరే పంచుకోవాలి. ఒకే గదిలో మూడో తరగతి ఒక గోడవైపు, నాలుగో తరగతి మరో గోడవైపు కూర్చుంటే, ఒక తరగతికి తీసివేతలు చెబుతున్నంతసేపూ మరో తరగతి పిల్లలు ఎక్కాలు వల్లెవేసుకుంటూ ఉంటారు. ఇద్దరు టీచర్లలో ఒకరు సెలవు పెట్టిన రోజు బడి మొత్తం ఒక్కరి మీదే పడుతుంది. అందుకే గోడల రంగులు, బల్లలు చూసేముందు తరగతికొక టీచరు ఉన్నారో లేదో చూడండి. కొంచెం దూరమైనా, రోడ్డు దాటించే పెద్దవారు తోడుంటే, అలాంటి బడికే పంపమంటాను.