పాల డబ్బాలో మైనం పొర ఉండాలా, వద్దా?

రేణిగుంట లేత్ · శనివారం రాత్రి 8:40

అలిపిరి మెట్ల దారిలో పసిపిల్లలతో నడిచే తల్లుల కోసం ఒక డబ్బా తయారు చేస్తున్నాను. లోపలి గిన్నెలో 200 మిల్లీలీటర్ల పాలు, దాని చుట్టూ ఉన్న అరలో 50 గ్రాముల పొడి సున్నం, అడుగున చిన్న నీటి సంచి. అడుగు నొక్కగానే సంచి చిరిగి నీరు సున్నంలోకి చేరుతుంది. ఐదారు నిమిషాల్లో పాలు వేడెక్కుతాయి. దారి పొడవునా శేషాచలం అడవి, అక్కడ నిప్పు రాజేయకూడదు. అందుకే ఈ పద్ధతి ఎంచుకున్నాను.

ఇప్పటికి పద్నాలుగు డబ్బాలు చేశాను. వేడి పుట్టించడం కష్టం కాలేదు, దాన్ని అదుపు చేయడమే చేతకావడం లేదు. పోయిన మే నెలలో మధ్యాహ్నం షెడ్డులో పరీక్షిస్తే పాలు 80 డిగ్రీలు దాటాయి, డబ్బా పట్టుకోలేకపోయాను. అలాంటి డబ్బానే జనవరిలో తెల్లవారుజామున కొండ మీద నొక్కితే 48 దగ్గర ఆగిపోయాయి. సున్నానికీ పాల గిన్నెకూ మధ్య పారాఫిన్ మైనం పొర పెట్టమని ఒక మిత్రుడు అన్నాడు. మైనం దండగ, నీటిని అదుపు చేస్తే చాలని ఇంకొకరు అన్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

బట్టీ మనవడు · రాత్రి 9:05

మైనం అక్కరలేదు. మా తాత పలమనేరు వైపు ముప్పై ఏళ్లు సున్నపు బట్టీ నడిపాడు. సున్నం గుణమంతా కాల్పులో ఉంటుంది. 900, 1000 డిగ్రీల దగ్గర కాలిన సున్నానికి నీళ్లు తగలగానే ఉడుకు మొదలవుతుంది. మంట మరీ ఎక్కువై గట్టిగా కాలిన గడ్డ నింపాదిగా ఉడుకుతుంది. మీరు మెత్తటి పొడి నింపుతున్నట్టున్నారు. పెసరగింజంత పలుకులు వేసి చూడండి.

నీరు ఎంత పోస్తున్నారు?

రేణిగుంట లేత్ · రాత్రి 9:11

పొడే నింపుతున్నాను. నీరు 20 మిల్లీలీటర్లు.

బట్టీ మనవడు · రాత్రి 9:24

తప్పు అక్కడే ఉంది. 50 గ్రాముల సున్నం పూర్తిగా ఉడకడానికి 16 గ్రాముల నీరు చాలన్న మాట నిజమే. కానీ లెక్కకు సరిపడా మాత్రమే పోస్తే ఒక చోట బురద, ఒక చోట పొడి మిగులుతాయి. పొడిగా ఉన్న చోట వేడి 200 డిగ్రీలు దాటిపోతుంది. 45 పోయండి. అదనపు నీరే వేడిని పట్టుకుంటుంది. మా తాత సున్నం తడిపేటప్పుడు ముందు తొట్టి నిండా నీళ్లు పెట్టి అందులో గడ్డలు వేసేవాడు. గడ్డల మీద చెంబుతో నీళ్లు చల్లేవాడిని తిట్టేవాడు.

విశ్రాంత అధ్యాపకురాలు · రాత్రి 10:02

బట్టీ మనవడు గారు చెప్పినవన్నీ వేడి ఎంత త్వరగా వస్తుందన్న దాని గురించి. లేత్ గారి సమస్య వేరు. మే నెలలో 80, జనవరిలో 48. పలుకులు పెద్దవి చేసినా, నీరు ఆపి ఆపి వదిలినా పుట్టే వేడి మొత్తం మారదు.

గ్రాము పొడి సున్నం నీటితో పూర్తిగా కలిస్తే సుమారు 1.15 కిలోజౌళ్ల వేడి వస్తుంది. 50 గ్రాములకు 57. 200 మిల్లీలీటర్ల పాలను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 0.8 కిలోజౌలు కావాలి. 57లో పాలకు చేరేది 32 అనుకుందాం, మిగతాది రేకు, తడి సున్నం, గాలి తీసుకుంటాయి. 32 అంటే 40 డిగ్రీల పెరుగుదల. 40 దగ్గర మొదలైన పాలు 80కి వెళ్తాయి. 15 దగ్గర మొదలైనవి 55 కూడా చేరవు, ఎందుకంటే చలిలో నష్టం ఇంకా ఎక్కువ. ఆయన కొలతలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి.

ఇది పాత చిక్కే. బ్రిటన్‌లో నెస్లే 2001లో సున్నంతో వేడెక్కే కాఫీ డబ్బాను తెచ్చి, చలి రోజుల్లో కాఫీ చాలినంత వేడెక్కడం లేదని మరుసటి ఏడాదే విరమించుకుంది. చలికి సరిపడా సున్నం వేస్తే ఎండలో పొగలు కక్కుతుంది, ఎండకు సరిపడా వేస్తే చలిలో చాలదు. దశమార్పు పదార్థం, అంటే కరుగుతూ వేడిని మింగేది, పనికొచ్చేది ఇక్కడే. 60 డిగ్రీల దగ్గర కరిగే మైనం, పూర్తిగా కరిగేదాకా 60 దాటనివ్వదు. మిగులు వేడి కరగడానికే ఖర్చవుతుంది. చలి రోజున మైనం దాదాపు కరగదు, కాబట్టి పాలకు రావలసిన వేడిని పెద్దగా తినదు. సున్నం చలికి సరిపడా వేయండి, ఎండ సంగతి మైనం చూసుకుంటుంది.

మెట్లబాట · రాత్రి 10:15

నెలకోసారి నడిచి వెళ్తాను. 3550 మెట్లు. ఒక చంకలో బిడ్డ, భుజాన సంచి ఉన్నవారికి ప్రతి వంద గ్రాములూ తెలుస్తుంది. బరువు మరిచిపోకండి.

బట్టీ మనవడు · రాత్రి 10:48

మంచి మాట. అధ్యాపకురాలు గారి లెక్కతోనే బరువు చూద్దాం. 15 నుంచి 60కి పాలకు 36 కిలోజౌళ్లు కావాలి. 40 నుంచి 60కి 16 చాలు. తేడా 20. పారాఫిన్ గుప్తోష్ణం, అంటే కరగడానికి తీసుకునే వేడి, గ్రాముకు 0.2 కిలోజౌలు. అంటే ఆ 20ని మింగడానికి 100 గ్రాముల మైనం కావాలి. వేడి చేసే సున్నం 50, దాన్ని ఆపే మైనం 100!

ఇక నీరు. గ్రాము నీరు ఆవిరి కావడానికి 2.26 కిలోజౌళ్లు తీసుకుంటుంది, మైనానికి పదకొండు రెట్లు. పైసా ఖర్చు లేని దశమార్పు పదార్థం అప్పటికే డబ్బాలో ఉంది. తొమ్మిది గ్రాముల నీరు ఆవిరైతే మీ 20 కిలోజౌళ్లూ పోతాయి.

విశ్రాంత అధ్యాపకురాలు · రాత్రి 11:20

ఎక్కడికి పోతాయి? ఆ ఆవిరి డబ్బా పట్టుకున్న తల్లి చేతి మీదికి వస్తుంది. చర్మం మీద నీరుగా మారేటప్పుడు తీసుకున్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది. పైగా నీరు పనిచేసేది మరిగే చోట, కొండ మీద కూడా 97 డిగ్రీల దగ్గర. మనకు కావలసిన అదుపు 60 దగ్గర. మరిగే నీటిని అదుపు అనడం నాకు అర్థం కావడం లేదు.

బట్టీ మనవడు · రాత్రి 11:31

100 గ్రాముల గురించి మాట్లాడండి.

పూతలపట్టు పాడి · ఆదివారం ఉదయం 5:50

ఒక మాట ఎవరూ అనడం లేదు. మైనం కరిగి మళ్లీ గడ్డకట్టేదాకా పాలను గోరువెచ్చగా పట్టి ఉంచుతుంది. గంటల తరబడి గోరువెచ్చగా ఉన్న పాలు విరుగుతాయి, విరగకముందే పాడవుతాయి. వెంటనే తాగేయాలని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

విశ్రాంత అధ్యాపకురాలు · ఉదయం 7:15

పూతలపట్టు వారు చెప్పింది నిజం, నేను దాన్ని ఆలోచించలేదు.

100 గ్రాములు సరైన లెక్కే. నేను కొట్టిపారేయను. కానీ మే నెల మధ్యాహ్నాన్ని సరిగ్గా 60కే కుదించాలంటేనే అంత కావాలి. 70 దాకా ఒప్పుకుంటే 60 గ్రాములు చాలు. మైనంలో వేడి నెమ్మదిగా పారుతుందన్నది అసలు ఇబ్బంది. దాని ఉష్ణవాహకత 0.2, అల్యూమినియానిది 200 పైన. మందంగా పోస్తే సున్నం పక్కది కరిగిపోయి అవతలిది గట్టిగానే ఉంటుంది. పల్చటి అల్యూమినియం రేకులు నిలబెట్టి వాటి మధ్య మైనం పోయాలి. కరిగితే సుమారు పదో వంతు ఉబ్బుతుంది, పైన ఖాళీ ఉంచాలి.

బట్టీ మనవడు · ఉదయం 7:40

రేకులు, మైనం, పైన ఖాళీ. మొదట 100, ఇప్పుడు 60, దాని మీద రేకుల బరువు. సున్నం పలుకు సైజు మార్చి చూడమన్న నా మాట ఒక్కరైనా పరీక్షించారా?

రేణిగుంట లేత్ · మధ్యాహ్నం 1:10

ఈ ఉదయం చేశాను. పలుకులు, 45 మిల్లీలీటర్ల నీరు. పాలు 71 దగ్గర ఆగాయి, తొమ్మిది నిమిషాలు పట్టింది. డబ్బా పక్క చాలా నయం. ఆవిరి మాత్రం మూత సందులోంచి వచ్చింది.

బట్టీ మనవడు · మధ్యాహ్నం 1:14

చూశారా.

విశ్రాంత అధ్యాపకురాలు · మధ్యాహ్నం 1:30

ఆవిరి వచ్చిందన్న వాక్యం కూడా చదవండి. ఈ రోజు షెడ్డులో ఎండ ఎంతో కూడా రాయమనండి.

రాత్రి డ్యూటీ · సాయంత్రం 4:20

నేను కాలిన గాయాల వార్డులో నర్సును. అందరూ పాలు ఎంత వేడెక్కాలని అడుగుతున్నారు. గిన్నెలో పాలు లేకుండా ఎవరైనా అడుగు నొక్కితే ఏమవుతుంది? పిల్లవాడు ఆటగా నొక్కుతాడు. తాగేసిన తర్వాత రెండోసారి నొక్కుతారు. సంచిలో అదిమితే నొక్కుకుపోతుంది.

రేణిగుంట లేత్ · సాయంత్రం 4:45

నేను ఖాళీ డబ్బాతో ఎప్పుడూ పరీక్షించలేదు.

విశ్రాంత అధ్యాపకురాలు · సాయంత్రం 5:30

నేను మొదటే అడగవలసిన ప్రశ్న. పాలు లేకపోతే 57 కిలోజౌళ్లకూ పోయే చోటు లేదు. 60 గ్రాముల మైనం 12 మాత్రమే తీసుకోగలదు, పొర చాలదు. అయితే మైనాన్ని ఇంకో విధంగా వాడవచ్చు. మైనం పలుకులను సున్నంలోనే కలపాలి. వేడి హద్దు దాటితే మైనం కరిగి సున్నపు పలుకుల మీద పూతగా పరుచుకుంటుంది, వాటికి నీరు అందదు, చర్య మందగిస్తుంది. పాలు ఉన్నప్పుడు సున్నం అంత వేడెక్కదు కాబట్టి పూత తక్కువగా పడుతుంది.

బట్టీ మనవడు · సాయంత్రం 5:52

ఇది దశమార్పుతో వేడిని పట్టుకోవడం కాదు, సున్నానికి మూత వేయడం. నిన్నటి నుంచి గుప్తోష్ణం గుప్తోష్ణం అని చెప్పి ఇప్పుడు పూత అంటున్నారు. సరే, పూత పడి సగం సున్నం ఉడకకుండా మిగిలిందనుకోండి. ఆ డబ్బాను తల్లి దారి పక్కన చెత్తబుట్టలో వేస్తుంది. రాత్రి వాన పడుతుంది. తెల్లవారి ఊడ్చే మనిషి చేత్తో తీస్తుంది. ఉడికిపోయిన సున్నం కన్నా మైనం కప్పిన పచ్చి సున్నం పది రెట్లు ప్రమాదం. పుస్తకాలు చదివినవాళ్లకు చెత్తబుట్ట కనిపించదు.

విశ్రాంత అధ్యాపకురాలు · సాయంత్రం 6:20

మాట జారుతున్నారు. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పాను. ఒక ఏడాది ఇంటర్ పిల్లలకు సున్నం తడిపే ప్రయోగం చూపిస్తుంటే, నేను అటు తిరిగిన క్షణంలో ఒక కుర్రాడు బీకరులో కొన్ని చుక్కలే పోశాడు. ఎగిరిన ముద్ద వాడి మణికట్టు మీద పడింది. నీళ్లు ఎక్కువ పోయాలని అంతకు ముందు మూడుసార్లు చెప్పాను. విచారణలో తప్పు నాదే అన్నారు. నేనూ నాదే అనుకున్నాను, ఎందుకంటే చెప్పడం చాలదు. చెప్పినా మనిషి తప్పు చేస్తాడు. తప్పు చేసినవాడికి కూడా కాలకుండా ఉండేలా వస్తువును తయారు చేయాలి. నీరు ఇంత పోయాలి, పలుకు ఇంత ఉండాలి అన్న మీ పద్ధతంతా చేసేవాడి జాగ్రత్త మీద నిలబడింది.

బట్టీ మనవడు · రాత్రి 8:05

కాసేపు రాయకూడదనుకున్నాను.

మా చెల్లెలికి ఆరేళ్లప్పుడు సంక్రాంతికి వెల్ల వేయడానికి పెరట్లో సున్నం తడిపారు. పైన తేరుకుంది, చల్లారిందనుకున్నారు. కర్రతో కదిపింది. లోపలి గడ్డ చిట్లి కంట్లో పడింది. ఆ కన్ను ఇప్పటికీ కనిపించదు. బట్టీ ఉన్న ఇల్లు మాది, సున్నం గురించి తెలియనివాళ్లు ఎవరూ లేరు. పైన తెల్లగా, నెమ్మదిగా కనిపించింది, అంతే.

నా గొడవ మైనం గ్రాముల మీద కాదని నాకు ఇప్పుడే తెలుస్తోంది. మీరు మైనం పెడితే దాన్ని భద్రమైన డబ్బా అంటారు. భద్రం అని రాసిన డబ్బాను తల్లి బిడ్డ చేతికి ఇస్తుంది. ఆవిరి వస్తూ, పక్క కాలుతూ ఉంటే కనీసం దూరం పెడుతుంది. సున్నం సున్నంలా కనిపించాలి.

విశ్రాంత అధ్యాపకురాలు · రాత్రి 8:40

మీ చెల్లెలి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పుస్తకాల మాటకు నేను కోపగించినది అలాగే ఉంది, కానీ ఇది వేరు.

అయినా ఒప్పుకోలేను. కాలుతుంది కాబట్టి భయపడి దూరం పెడతారు అంటే, ఎవరో ఒకరు ముందు కాలాలి.

రాత్రి డ్యూటీ · రాత్రి 9:30

కంట్లో సున్నం పడితే నలపకండి, కనిపించే పలుకులు వెంటనే తీసేసి కనీసం అరగంట నీటి ధారతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లండి. క్షారం ఆమ్లం కన్నా లోతుకు దిగుతుంది. ఇది చదివేవారందరికీ.

మీరిద్దరూ సున్నం ఉండి తీరాలన్నట్టు వాదిస్తున్నారు. పసిబిడ్డకు పాలు 37 డిగ్రీలు చాలు, 60 ఎందుకు? చేతులు వెచ్చబరచుకునే సంచులు ఉంటాయి. లోపల సోడియం అసిటేట్ ద్రావణం, చిన్న లోహపు బిళ్ల. బిళ్ల నొక్కితే తెల్లగా గడ్డకడుతూ వేడెక్కుతుంది. అది కరిగేది 58 దగ్గర, కాబట్టి దానంతట అది 58 దాటదు, ఖాళీ డబ్బాలోనైనా. ఉడకబెడితే మళ్లీ ద్రవమవుతుంది, మళ్లీ వాడవచ్చు.

విశ్రాంత అధ్యాపకురాలు · రాత్రి 10:10

అవును. వేడిని అదుపు చేసే పదార్థం కోసం వెతుకుతూ, అదే పదార్థం వేడిని ఇవ్వగలదన్నది మరిచిపోయాను. 15 డిగ్రీల పాలను 37కి తేవడానికి 18 కిలోజౌళ్ల లోపే. సోడియం అసిటేట్ గుప్తోష్ణం గ్రాముకు 0.26, కానీ ఆ వేడిలో కొంత తన్ను తాను వెచ్చబరచుకోవడానికే పోతుంది. నష్టాలతో కలిపి 150 గ్రాములు కావచ్చు.

మెట్లబాట · రాత్రి 10:22

150 బరువే. కానీ పారేయనక్కరలేదు కదా. కొండ మీద సున్నం డబ్బాల చెత్త పేరుకుంటుందన్నదే మొదటి నుంచీ నా బెంగ.

బట్టీ మనవడు · రాత్రి 10:50

దీన్ని బిడ్డ చేతికి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. 60 డిగ్రీల కాఫీ కావాలనుకునే పెద్దవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు, దానికి సున్నమే కావాలి. ఆ డబ్బాలో మైనం వద్దన్న మాట మీద నేను ఉన్నాను.

విశ్రాంత అధ్యాపకురాలు · రాత్రి 10:58

పెద్దల డబ్బాలో మైనం ఉండాలన్న మాట మీద నేనూ ఉన్నాను.

రేణిగుంట లేత్ · రాత్రి 11:15

పాల డబ్బా నుంచి సున్నం తీసేస్తున్నాను. గిన్నె చుట్టూ అసిటేట్ సంచి చుట్టి చేసి చూస్తాను. ఖాళీ సున్నం డబ్బా పరీక్ష కూడా చేస్తాను, ఇసుక గుంటలో పెట్టి, దూరం నుంచి. రెండూ ఇక్కడే రాస్తాను.

పుత్తూరు కోడలు · సోమవారం ఉదయం 6:30

ఇప్పుడే అంతా చదివాను. నాకు ఎనిమిది నెలల బాబు. ఆ సంచిని మళ్లీ వాడాలంటే ఎంతసేపు ఉడకబెట్టాలి?

రాత్రి డ్యూటీ · ఉదయం 7:05

నిమిషాల లెక్క పెట్టుకోకండి అమ్మా. అడుగున గుడ్డ వేసి, మరిగే నీళ్లలో ఉంచి, అప్పుడప్పుడూ తీసి వెలుతురులో చూడండి. బిళ్ల చుట్టూ, సంచి మూలల్లో కూడా ఒక్క పలుకు కనిపించకూడదు. ఒక్కటి మిగిలినా చల్లారే సరికి దానంతట అదే మళ్లీ గడ్డకట్టేస్తుంది, మెట్ల మీద నొక్కితే ఏమీ రాదు.